‘ఫిత్నా’ అనే మాటను ఎవరి మీద వాడుతున్నాము?

అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతీ శుభాలూ కురవాలని వేడుకుంటున్నాము.

ధార్మిక సోదరులారా! ముందుగా మమ్మల్ని మేము, ఆ తరువాత మిమ్మల్ని, తఖ్వాను అవలంబించవలసిందిగా హెచ్చరించుకుంటున్నాము. నాలుకను అదుపులో ఉంచుకోవడం తఖ్వాలో ఒక ముఖ్యభాగం. మన నాలుకల మీద అతి తేలికగా ఆడే ఒక బరువైన మాట ఉంది. ఆ మాట ‘ఫిత్నా’. ఈనాటి ప్రసంగం దాని గురించే.

మన ఇళ్లలో ఈ మాట వినబడని రోజు ఉండదు. అల్లరి చేసే పిల్లవాణ్ణి చూసి ‘బడా ఫిత్నా హై’ అని నవ్వుతాము. అన్నదమ్ములు విడిపోతే ఏ కోడలో ఫిత్నా పెట్టిందని తీర్పు చెప్పేస్తాము. మస్జిద్‌లో ఒకాయన లేచి నిలబడి ఏదైనా అడిగితే, ‘ఫిత్నా మొదలైంది’ అని పక్కవారి చెవిలో గొణుగుతాము. తెలుగులో మాట్లాడేటప్పుడు ఇదే భావానికి చిచ్చు పెట్టడం, పుల్లలు పెట్టడం, నిప్పు రాజేయడం, ఉసిగొల్పడం, రెచ్చగొట్టడం అనే మాటలు వాడుతాము. గమనించండి, వీటిలో ఎక్కువ భాగం మంటకు సంబంధించినవే. చిచ్చు అంటేనే నిప్పు.

ఆశ్చర్యం ఏమిటంటే, అరబీ మాట కూడా మంట నుంచే పుట్టింది. వెండినీ బంగారాన్నీ నిప్పులో కరిగించి, మేలిమి ఏదో కల్తీ ఏదో తేల్చడం ‘ఫా, తా, నూన్’ అనే ధాతువుకు మొదటి అర్థమని నిఘంటుకారులు చెప్పారు. అందుకే అరబీలో స్వర్ణకారుడికి ‘ఫత్తాన్’ అనే పేరు కూడా ఉంది. కంసాలి కుంపటి ముందు కూర్చుని, మూసలో లోహాన్ని కరిగిస్తూ, గొట్టంతో నిప్పును ఊదడం మీలో పెద్దవారు చూసే ఉంటారు. తెలుగువారు దానినే పుటం పెట్టడం అంటారు. కాబట్టి తెలుగు చిచ్చుకూ అరబీ ఫిత్నాకూ ఒక తేడా ఉంది. చిచ్చు అనగానే మనకు కాలిపోయిన ఇల్లు గుర్తుకు వస్తుంది. ఫిత్నా అనగానే మొదట గుర్తుకు రావలసింది మూసలో ఉన్న లోహం. ఆ లోహం ఎవరో కాదు, మనమే.

దివ్యఖుర్ఆన్‌లో ఈ మాట

దివ్యఖుర్ఆన్ ఈ మాటను ఒకే అర్థంలో వాడలేదు. సందర్భాన్ని విడిచిపెట్టి అర్థం చెప్పుకున్నవారు పొరబడతారు. అందువల్ల ముఖ్యమైన అర్థాలను ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటి అర్థం పరీక్ష. ప్రతి ప్రాణీ మృత్యువును చవిచూస్తుందని చెప్పిన చోటనే, మంచి స్థితిలోనూ చెడు స్థితిలోనూ మిమ్మల్ని పరీక్షిస్తున్నామని అల్లాహ్ తెలియజేశాడు (అల్ అంబియా: 35). అంటే వ్యాధి మాత్రమే ఫిత్నా కాదు, ఆరోగ్యం కూడా ఫిత్నాయే. అప్పుల్లో మునిగినవాడు ఎంత పరీక్షలో ఉన్నాడో, దుకాణం బాగా నడుస్తున్నవాడూ అంతే పరీక్షలో ఉన్నాడు. సంపదా సంతానమూ ఫిత్నా అని రెండు చోట్ల సెలవివ్వబడింది (అల్ అన్‌ఫాల్: 28, అత్తగాబున్: 15). మన బిడ్డలు చెడ్డవారని దీని అర్థం కాదు. వారి మీద ప్రేమ ఎదురైనప్పుడు మన న్యాయబుద్ధి ఏమవుతుందో అక్కడ తేలుతుంది.

రెండవ అర్థం హింసించడం. విశ్వసించిన నేరానికి మనుషులను మండే కందకాల్లో పడవేసిన వారి గాథ అల్ బురూజ్ సూరాలో ఉంది. ఆ దుర్మార్గుల చర్యను చెప్పడానికి ఇదే ధాతువు వాడబడింది (అల్ బురూజ్: 10).

మూడవ అర్థం శ్రేణుల మధ్య కలతలు రేపడం. తబూక్ ప్రయాణ సందర్భంలో, హిజ్రీ 9వ సంవత్సరంలో, కపట విశ్వాసులు మీతో బయలుదేరి ఉంటే మీ మధ్య పరుగులు తీస్తూ ఫిత్నాను కోరుకునేవారని అల్లాహ్ తెలియజేశాడు (అత్తౌబా: 47). మనం సాధారణంగా అనుకునే ‘రెచ్చగొట్టడం’ అనే అర్థం ఇదే.

ఇక అందరికీ కంఠస్థంగా ఉన్న వాక్యం ఒకటుంది. ఫిత్నా హత్య కంటే తీవ్రమైనదన్న భావం అల్ బఖరహ్ సూరాలో రెండు చోట్ల వస్తుంది (191, 217). ఈ వాక్యాన్ని మనవారు ఎక్కడ వాడుతున్నారు? అత్తాకోడళ్ల తగాదాలో వాడుతున్నారు, కమిటీ ఎన్నికల్లో వాడుతున్నారు. చాడీలు చెప్పడం హత్యకంటే పెద్ద పాపమని దీని అర్థమనుకుంటున్నారు.

సోదరులారా! ఆ ఆయతు సందర్భాన్ని చూడండి. హిజ్రీ 2వ సంవత్సరం, రజబ్ మాసం. మక్కాకూ తాయిఫ్‌కూ నడుమ ఉన్న నఖ్లా అనే చోట ముస్లిముల చిన్న దళం చేతిలో ఖురైష్ వర్తక బిడారులోని ఒక వ్యక్తి చనిపోయాడు. రజబ్ యుద్ధం నిషిద్ధమైన పవిత్ర మాసం. మక్కా పెద్దలు దీనిని పట్టుకుని గగ్గోలు పెట్టారు. అల్లాహ్ ఆ మాసంలో పోరాడడం పెద్ద విషయం కాదని అనలేదు, పెద్ద విషయమేనన్నాడు. అయితే ప్రజలను దైవమార్గం నుంచి అడ్డుకోవడం, మస్జిదె హరామ్ వాసులను అక్కడి నుంచి వెళ్లగొట్టడం అంతకంటే పెద్దవని చెప్పి, ఆ వెంటనే ఫిత్నా మాట చెప్పాడు. వ్యాఖ్యాతలు ఇక్కడ ఫిత్నా అంటే విశ్వాసం విడిచిపెట్టమని మనిషిని చిత్రహింసలు పెట్టడమని, ఆ బలవంతం ఏ షిర్క్ కోసం జరిగిందో ఆ షిర్క్ అని వివరించారు. మండే ఇసుక మీద పడుకోబెట్టి హజ్రత్ బిలాల్ (రజి) గుండెల మీద బండరాయి పెట్టడం, హజ్రత్ సుమయ్యా (రజి) ప్రాణాలు తీయడం, ఇవీ ఆ ఫిత్నా రూపాలు.

మరి ఇందులో ఫిత్నా చేసినవారు ఎవరు? నగర పెద్దలు. బలమున్నవారు. కాబా తాళంచెవులు చేతిలో ఉన్నవారు. ఫిత్నాకు గురైనవారు బానిసలు, పేదలు, అండలేనివారు. మనం ఈ ఆయతును సరిగ్గా తలక్రిందులు చేశాము. పెద్దలను ప్రశ్నించిన చిన్నవాడి మీద ప్రయోగిస్తున్నాము.

మా తప్పు

ఈ మాట ఇతరులకు బోధించడానికి చెప్పడం లేదు. ఈ తప్పు మేమే చేశాము.

కొన్నేళ్ల క్రితం మేము ఇమామత్ చేస్తున్న ఒక మస్జిద్‌లో వజూఖానా కొత్తగా కట్టడానికి చందాలు వసూలయ్యాయి. ఒక జుమా రోజున, నమాజ్ తరువాత, ఆటో నడుపుకునే ఒక యువకుడు లేచి, ఎంత వసూలయింది, ఎంత ఖర్చయింది, లెక్క గోడ మీద అంటించవచ్చు కదా అని అడిగాడు. గొంతు పెంచలేదు. ఎవరి మీదా నింద వేయలేదు. కమిటీ పెద్దలకు అవమానమనిపించింది. ‘హజ్రత్, ఈ ఫిత్నాను మొదట్లోనే అణచాలి’ అని మాతో అన్నారు. మాకు కూడా అదే సబబనిపించింది. మరుసటి జుమాకు, పేరు చెప్పకుండా, ఫిత్నా హత్యకంటే తీవ్రమైనదన్న ఆ ఆయతు మీద ప్రసంగించాము. పేరు చెప్పకపోయినా తలలన్నీ ఆ అబ్బాయి వైపే తిరిగాయి. అతను నమాజ్ ముగించుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆ తరువాత మా మస్జిద్‌కు రాలేదు.

కొన్ని నెలలకు సిమెంటు దుకాణం వారు బాకీ కోసం వచ్చారు. అప్పుడు లెక్క తీయవలసి వచ్చింది. అల్లాహ్ సాక్షిగా, ఎవరూ ఆ డబ్బు తినలేదు. కానీ పదకొండు నెలలుగా ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. ఎవరి దగ్గర ఎంత ఉందో ఎవరికీ తెలియదు. రసీదు పుస్తకాల్లో ఒకటి దొరకనే లేదు. అతను అడిగిన రోజునే లెక్క రాసి ఉంటే, ఆ పెద్దల పరువు కూడా నిలిచేది.

మేము అతని ఇంటికి వెళ్లాము. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి ఇలా అన్నాడు: ‘హజ్రత్, ఆ రోజు మైకు బయటికి పెట్టారు. మా అమ్మీ ఇంట్లో కూర్చుని మీ బయాన్ విన్నది. నేను ఇంటికి రాగానే, హత్యకంటే పెద్ద పని ఏం చేశావురా అని అడిగింది. ఆమెకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు.’

మా దగ్గర జవాబు లేదు. క్షమించమని అడిగాము, క్షమించాడు. తరువాతి జుమాకు అదే మింబర్ మీద నుంచి, అదే మైకులో, మా మాటను వెనక్కి తీసుకున్నాము. లెక్కను గోడ మీద అంటించారు. అతను మళ్లీ నమాజ్‌కు వస్తున్నాడు. కానీ ఇన్నేళ్లలో మస్జిద్‌లో మళ్లీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. క్షమాపణ అతణ్ణి వెనక్కి తీసుకురాగలిగింది గాని, మేము ఆర్పివేసిన ఆ ధైర్యాన్ని తీసుకురాలేకపోయింది.

దైవప్రవక్త (స) ఈ మాటను ఎవరితో అన్నారు?

ఆ రోజుల్లో మద్రసాలో చదువుకున్న ఒక హదీసు మమ్మల్ని వెంటాడింది. సహీహ్ బుఖారీలోనూ, సహీహ్ ముస్లింలోనూ హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా వచ్చిన ఉదంతమది. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) దైవప్రవక్త (స) వెనుక ఇషా నమాజ్ చేసి, ఆ తరువాత తమ పేటకు వెళ్లి అక్కడివారికి ఇమామత్ చేసేవారు. ఒక రాత్రి అల్ బఖరహ్ సూరాను అందుకున్నారు. పగలంతా ఒంటెలతో నీళ్లు తోడి అలసిపోయిన ఒక శ్రామికుడు అంతసేపు నిలబడలేక, జమాఅత్ విడిచి, పక్కన విడిగా నమాజ్ చేసుకుని వెళ్లిపోయాడు. ఆ మనిషి కపటి అన్న మాట ముఆజ్ (రజి) నుంచి వచ్చింది. ఆ శ్రామికుడు నేరుగా దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్లి తన బాధను విన్నవించుకున్నాడు.

దైవప్రవక్త (స) ఆ శ్రామికుణ్ణి మందలించలేదు. ముఆజ్‌ను పిలిచి, నీవు ఫత్తాన్‌వా అని మళ్లీ మళ్లీ నిలదీశారు. అంటే ప్రజలను ఫిత్నాలో పడవేసేవాడివా అని. అల్ ఆలా, అష్షమ్స్, అల్లైల్ వంటి చిన్న సూరాలు పఠించమని నేర్పారు.

సోదరులారా! ముఆజ్ (రజి) సామాన్యులు కారు. హలాల్ హరామ్‌ల జ్ఞానంలో సమాజంలోనే మిన్న అని దైవప్రవక్త (స) మెచ్చుకున్న వ్యక్తి. ఆయన చేసింది పాపమూ కాదు. దివ్యఖుర్ఆన్‌ను దీర్ఘంగా పఠించారు, అంతే. అయినా ఒక అలసిన మనిషి మస్జిద్‌కు దూరమయ్యే పరిస్థితి వచ్చినందుకు ఆ బరువైన మాట ఇమామ్ మీద పడింది, జమాఅత్ విడిచిన శ్రామికుని మీద పడలేదు. మేము అల్ బఖరహ్‌లోని ఒకే ఒక్క ఆయతు చదివి ఒక మనిషిని మస్జిద్ నుంచి వెళ్లగొట్టాము. ముఆజ్ (రజి) వారికి వర్తించిన ప్రశ్న మాకు ఎన్ని రెట్లు వర్తిస్తుందో మీరే చెప్పండి.

దావూద్ ప్రవక్త (అలై) గాథ కూడా ఇక్కడ స్మరించుకోవాలి. తొంభై తొమ్మిది గొర్రెలు ఉన్నవాడు తన ఒక్క గొర్రెను అడుగుతున్నాడని ఒక వ్యక్తి ఆయనతో ఫిర్యాదు చేశాడు. ఆయన వెంటనే తీర్పు చెప్పారు. చెప్పిన మరుక్షణం, ఇక్కడ పరీక్షకు నిలిచింది తానేనని గ్రహించి, మన్నింపు కోరుతూ సజ్దాలో పడిపోయారు (సాద్: 23, 24). ఆ గ్రహింపును చెప్పే చోట కూడా ఇదే ధాతువు ఉంది. తీర్పు చెప్పే స్థానంలో కూర్చున్నవాడు తానే మూసలో ఉన్నానని తెలుసుకోవడం ప్రవక్తల లక్షణం. కమిటీ సదరుకూ, ఇంటి పెద్దకూ, ఇమామ్‌కూ ఇదే పాఠం.

మాట ఎవరి చేతిలో ఉంటే వారి అర్థం

ఫిత్నా పేరును సాకుగా వాడుకోవడం కొత్త కాదు. తబూక్ ప్రయాణానికి రమ్మన్నప్పుడు ఒక వ్యక్తి, తనకు అనుమతి ఇవ్వాలని, తనను ఫిత్నాలో పడవేయవద్దని దైవప్రవక్త (స)తో అన్నాడు. రోమన్ స్త్రీలను చూస్తే తన మనసు నిలవదని అతని సాకు. ఇటువంటివారు ఫిత్నాలో ఇదివరకే పడిపోయి ఉన్నారని అల్లాహ్ బదులిచ్చాడు (అత్తౌబా: 49). బాధ్యత తప్పించుకోవడానికి ధర్మభాషను వాడుకోవడమే అతని ఫిత్నా అయింది. లెక్క చెప్పవలసిన బాధ్యతను తప్పించుకోవడానికి ‘ఫిత్నా వద్దు’ అనేవాడు అతనికి ఎంత దూరంలో ఉన్నట్టు?

మన తెలుగు నేల మీద కూడా దీనికి ఒక ఉదాహరణ ఉంది. ‘పితూరీ’ అనే మాట మీకందరికీ తెలుసు. చెవికి ఫిత్నాకు చుట్టంలా వినిపిస్తుంది గాని, ఇది వేరే ధాతువు. ‘ఫుతూర్’ అనే అరబీ మాట, పారశీ ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. అరబీలో దాని అర్థం సడలిపోవడం, నీరసించడం. ఉర్దూకు వచ్చేసరికి కలత, చెడు తలపు అయింది. తెలుగుకు వచ్చేసరికి రెండు అర్థాలు పొందింది. ఒకటి పైవారి దగ్గర చెప్పే చాడీ. రెండవది తిరుగుబాటు. 1879లో గోదావరి మన్యంలో రంప ప్రాంతపు గిరిజనులు తిరగబడినప్పుడు ప్రభుత్వ కాగితాల్లో దానికి పడిన పేరు పితూరీయే. వారి గోడు ఏమిటి? తాము గీసుకునే కల్లు మీద పన్ను, మన్సబుదారు గుంజుడు, తమకు అర్థం కాని కోర్టు డిక్రీలతో ఆస్తులు లాక్కునే వర్తకులు. ఆ గోడు వినవలసినవారు వినలేదు. వినని గోడు పితూరీ అనే పేరు తెచ్చుకుంది. పేరు పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉందో, అర్థం వారికి అనుకూలంగా మారుతుంది. మస్జిద్‌లో ఆ అధికారం మా వంటివారి చేతిలో ఉంది. అందుకే మేము ఎక్కువగా భయపడాలి.

అయితే నిజమైన ఫిత్నా లేదా?

ఇంత చెప్పిన తరువాత, ఎవరేమి మాట్లాడినా సరేనన్న అర్థం తీయకండి. నిజమైన ఫిత్నా ఉంది. అది ఇళ్లను కూల్చింది, సమాజాలను చీల్చింది. హిజ్రీ 35లో హజ్రత్ ఉస్మాన్ (రజి) తమ ఇంట్లోనే, దివ్యఖుర్ఆన్ పారాయణంలో ఉండగా షహీద్ చేయబడ్డారు. మరుసటి ఏడు జమల్, ఆ పై ఏడు సిఫ్ఫీన్. ఒకే ఖిబ్లా వైపు సజ్దా చేసేవారు ఒకరిపై ఒకరు కత్తులు దూశారు. అటువంటి వేళ కూర్చున్నవాడు నిలబడినవాని కంటే, నిలబడినవాడు నడిచేవాని కంటే మేలని దైవప్రవక్త (స) ముందే హెచ్చరించి ఉన్నారు.

మరి ప్రశ్నకూ ఫిత్నాకూ తేడా ఎలా తెలుసుకోవాలి? మనం ఇంతవరకు చెప్పుకున్న ఉదంతాలే తేడాను చూపుతాయి. ఒంటెల శ్రామికుడు తన ఫిర్యాదును ఎక్కడికి తీసుకువెళ్లాడు? దానిని పరిష్కరించగల వారి దగ్గరికి, నేరుగా. కపటులు ఏం చేస్తారు? శ్రేణుల మధ్య పరుగులు తీస్తారు. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ. కాబట్టి జవాబు చెప్పగలవాని ముందు నిలబడి అడిగేది ప్రశ్న. జవాబు చెప్పవలసినవాడు లేని చోట, చాయ్ హోటల్ బల్ల దగ్గర, పెళ్లి విందులో, వాట్సాప్ గ్రూపులో తిప్పేది ఫిత్నా. ప్రశ్న అడిగినవాడు జవాబు దొరికితే ఆగుతాడు. ఫిత్నా కోరేవాడు జవాబు దొరికితే నిరాశపడతాడు.

ఇంకొక తేడా నిర్ధారణ. ఎవరైనా దుర్మార్గుడు ఒక వార్త తెస్తే, తెలియక ఏ జాతికో హాని చేసి తరువాత పశ్చాత్తాపపడకుండా ఉండేందుకు, దానిని పరిశీలించి చూసుకోమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (అల్ హుజురాత్: 6). మన పూర్వీకులు ఫిత్నాకు చూపిన మందు కూడా ఇదే. పూర్వం హదీసు చెప్పినవారిని, నీకు ఎవరు చెప్పారని అడిగేవారు కాదని, ఫిత్నా వచ్చిపడిన తరువాత మీకు చెప్పినవారి పేర్లు చెప్పండి అని అడగడం మొదలైందని తాబియీ విద్వాంసులు ఇబ్నె సీరీన్ (రహ్మతుల్లాహి అలైహి) తెలిపారు. ఇమామ్ ముస్లిం తమ గ్రంథం ముందుమాటలో దీనిని చేర్చారు. చూడండి, కల్లోలం వచ్చినప్పుడు పెద్దలు ‘నోరు మూసుకోండి’ అనలేదు. ‘ఎవరు చెప్పారు?’ అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న నుంచే సనద్ పరిశీలన అనే మహాశాస్త్రం బలపడింది. ఈరోజు మన ఫోనుకు ఒక వీడియో వస్తుంది. ఫలానా ఊరిలో ఫలానా వారు మన వారిని కొట్టారని, లేదా మన వారే ఏదో చేశారని. అది ఏ సంవత్సరం నాటిదో, ఏ దేశానిదో తెలియదు. ఎవరు పంపారని అడిగితే, గ్రూపులో వచ్చింది అంటాము. హదీసు విద్వాంసుల వారసులమని చెప్పుకునే మనకు ఇది తగునా? విన్నదంతా చెప్పడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు. విన్నదంతా ముందుకు పంపడం అంతకంటే తక్కువదేమీ కాదు.

ఫిత్నా హృదయంలోకి ఎలా వస్తుందో కూడా హజ్రత్ హుజైఫా (రజి) ద్వారా మనకు అందింది. చాప అల్లేటప్పుడు పుల్ల తరువాత పుల్ల వచ్చి చేరినట్టు, ఫిత్నాలు ఒక్కొక్కటిగా హృదయం ముందుకు వస్తాయి. స్వీకరించిన హృదయం మీద ఒక నల్లచుక్క పడుతుంది. తిరస్కరించిన హృదయం మీద ఒక తెల్లచుక్క. చాప ఒక్కరోజులో పూర్తి కాదు. కానీ ఏ పుల్ల వద్ద ఆగాలో తెలియకపోతే చివరకు పూర్తవుతుంది. చిన్నదేలే అని చెప్పిన ఒక చాడీ, చిన్నదేలే అని పంపిన ఒక వీడియో, చిన్నదేలే అని ఒక యువకుడి మీద వేసిన ఒక మాట, ఇవే ఆ పుల్లలు.

మనం చేయవలసినవి

కాబట్టి ఈ వారం నుంచి మూడు విషయాలు అలవాటు చేసుకుందాము.

ఒకటి. ఎవరినైనా ఫిత్నాగాడని అనబోయే ముందు, అతను అడిగినదానికి జవాబు చెప్పామా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. జవాబు చెప్పకుండా ఆ మాట వాడే హక్కు మనకు లేదు. మస్జిద్ లెక్కలు, మద్రసా లెక్కలు, ఖబరస్తాన్ లెక్కలు ఎవరూ అడగకముందే గోడ మీద కనిపించాలి.

రెండు. అడిగేవారు కూడా మర్యాదతో, సరైన చోట, సరైనవారిని అడగాలి. పెద్దవారి వయసుకు గౌరవం ఇస్తూ అడగవచ్చు. అడిగి, జవాబు వచ్చిన తరువాత దానిని వీధిలోకి ఈడ్చకూడదు.

మూడు. మంట ఎదురైనప్పుడు, ఎవరు రాజేశారు అని వెదకడానికి ముందు, ఈ మంటలో నా లోహం ఏమని తేలుతోంది అని చూసుకోవాలి. మనిషికి తన కుటుంబంలో, సంపదలో, సంతానంలో, పొరుగువాని విషయంలో కలిగే ఫిత్నాను నమాజ్, రోజా, సదఖా, మంచిని ఆదేశించి చెడును వారించడం తుడిచివేస్తాయని హదీసులో ఉంది. పొరుగువారి ప్రస్తావన గమనించండి. మన పొరుగువాడు ఏ మతస్థుడైనా కావచ్చు. మన ప్రవర్తన చూసి అతను మన ధర్మాన్ని అసహ్యించుకుంటే, అతనికి మనమే ఫిత్నా అయ్యాము.

ఒక చివరి మాట. ఓ అల్లాహ్, ఫిత్నా నుంచి కాపాడు అని ఊరికే వేడుకోవద్దని, మీ సంపదా సంతానమూ కూడా ఫిత్నాయే కదా అని, మార్గం తప్పించే ఫిత్నాల నుంచి శరణు కోరమని హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) బోధించినట్టు ఉల్లేఖించబడింది. పుటం పెట్టకుండా బంగారం వన్నె తేలదు. నిప్పు వద్దని కాదు, నిప్పులో మాడిపోకుండా నిగ్గు తేలేలా చేయమని వేడుకోవాలి.

ఓ అల్లాహ్! జీవన్మరణాల ఫిత్నా నుంచి, దజ్జాల్ ఫిత్నా నుంచి మమ్మల్ని కాపాడు. మా నాలుకలను ఇతరుల ఇళ్లకు నిప్పుగా మార్చకు. మా మాట వల్ల నీ ఇంటికి దూరమైన ప్రతి దాసుణ్ణీ తిరిగి నీ ఇంటికి చేర్చు. మా వల్ల మూగబోయిన వారికి మళ్లీ మాట్లాడే ధైర్యాన్ని, మాకు వినే సహనాన్ని ప్రసాదించు. తమ బిడ్డల గురించి మా నోట చెడు మాట విని బాధపడిన తల్లుల ముందు, ప్రళయదినాన మమ్మల్ని తలదించుకునేలా చేయకు. మా ఊరినీ, మా రాష్ట్రాన్నీ, మా దేశాన్నీ కలతల నుంచి కాపాడు.

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.